మేనమామ చేతి బ్యాట్



మా కడప జిల్లాలో ఆటకు వేళ పెట్టేది ఎండ. శివరాత్రి పోయిందంటే పొద్దున ఎనిమిదికే బండలు కాలడం మొదలు. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలకు తగ్గే రోజు కోసం ఎదురుచూడాల్సిందే. అందుకే ప్రొద్దుటూరులో ఆటల పిచ్చి ఉన్నవాళ్లంతా కోడికూతకే లేస్తారు. ఐదింటికల్లా షటిల్ కోర్టుల దగ్గర లైట్లు వెలుగుతాయి. మున్సిపల్ హైస్కూల్ మైదానంలో నడిచేవాళ్లు చుట్లు తిరుగుతుంటారు. బంగారు అంగడి యజమాని, ఆ అంగట్లోనే పనిచేసే కుర్రాడు, నూలు వ్యాపారి, మాలాంటి బడిపంతుళ్లు ఒకే వలకు అటూ ఇటూ నిలబడతారు. ఆ గంటన్నరలో ఎవరూ ఎవరికీ యజమాని కాదు. ఏడు దాటగానే అందరూ కారం దోశ బండి దగ్గర చేరతారు. దోశ మీద ఎర్రకారం, ఆపైన పప్పుల పొడి. తింటూనే పాయింట్ల గొడవ మళ్లీ మొదలు. ఎనిమిదికి ఎవరి పనికి వాళ్లు. ఏడాది పొడుగునా ఇదే వరుస. దసరాలో మాత్రం అమ్మవారిశాల ఉత్సవాలు, తొట్టి మెరవణి సందడిలో ఊరంతా రాత్రిళ్లు మేలుకుంటుంది గనుక పొద్దుటి ఆటకు ఎవరూ రారు.

పొద్దు వాలాక ఊరి నడక ఇంకో రకం. పెన్నలో నీళ్లు లేని నెలలే ఎక్కువ కాబట్టి ఇసుక చల్లబడగానే మగపిల్లలు మూడు కట్టెలు పాతి క్రికెట్ మొదలుపెడతారు. పెద్దవాళ్లు అగస్త్యేశ్వరస్వామి గుడికి పోయి ప్రదక్షిణలు చేస్తారు. పుట్టపర్తి నారాయణాచార్యులు గారు ప్రొద్దుటూరులో ఉన్న రోజుల్లో ‘శివతాండవం’ రాసింది ఆ గుడిలోనే, ఆ ప్రదక్షిణల్లోనే. తెలుగులో అంత నడక ఉన్న కావ్యం మా ఊళ్లో కాళ్లు కదులుతుండగా పుట్టిందని పిల్లలకు పాఠం మధ్యలో చెప్పేటప్పుడు నాకు ఒళ్లు పులకరిస్తుంది.

నేను పుట్టి పెరిగింది జమ్మలమడుగులో. ప్రొద్దుటూరులో ప్రభుత్వ బడిలో సోషల్ చెబుతాను. మా చెల్లెల్ని పులివెందుల దగ్గర ఒక పల్లెకు ఇచ్చాం. కాబట్టి నా తిరుగుడంతా ఈ మూడు ఊళ్ల మధ్యనే. ప్రొద్దుటూరులో బస్సెక్కి జమ్మలమడుగు పోవడం మాకు ఒక లెక్కలోది కాదు. 2016లో నంద్యాల–ఎర్రగుంట్ల రైలు కూడా వచ్చింది. జమ్మలమడుగు నుంచి ముద్దనూరు, తొండూరు మీదుగా పులివెందులకు పోతుంటే కిటికీలోంచి చేలు మారుతూ కనిపిస్తాయి. మా వైపు నల్లరేగడి, బుడ్డశెనగ. ఆ వైపు డ్రిప్పు పైపులతో చీనీ చెట్లు, అరటి తోటలు. ఈ మూడు ఊళ్లలోనూ ఆటంటే ప్రాణమిచ్చే ఇళ్లు బోలెడు. అట్లాంటి ఇంట్లో పుట్టిన ఆడపిల్లకు ఆట ఎవరి చేతుల మీదుగా అందుతుందో, ఎవరి చేతుల్లో ఆగిపోతుందో ఈ పూట మీతో మాట్లాడాలని వచ్చాను.

జమ్మలమడుగులో మా పాత ఇంటి వసారాకు నల్లటి నాపరాళ్లు పరిచి ఉండేవి. బయటి ఊళ్లవాళ్లు కడప బండ అంటారే, అదే. అందులో ఒక బండ మీద మా జేజి ఉలితో బారాకట్ట గళ్లు చెక్కించుకుంది. చింతగింజల్ని ఒక పక్క తెల్లగా అయ్యేదాకా అరుగుకేసి రుద్ది పందెపు గింజలు తయారుచేసేది. పైటాల అన్నాలు తిని మగవాళ్లు నడుం వాల్చగానే వీధిలోని ఆడవాళ్లంతా ఆ బండ చుట్టూ చేరేవాళ్లు. గింజల్ని రెండు అరచేతుల మధ్య కలిపి, ఒకసారి ఊది, బండ మీదికి విసిరేటప్పుడు జేజి ముఖం చూడాలి. ఎదుటివాళ్ల కాయను చంపే అవకాశం వస్తే కోడలనీ చూసేది కాదు, వియ్యపురాలనీ చూసేది కాదు. పక్క బండ మీద పులిజూదం గీతలుండేవి. పాత గుళ్ల మండపాల్లో ఇప్పటికీ కనిపిస్తాయి చూడండి, అట్లాంటివే. 3 పులులు, 15 మేకలు. మేకలతో ఆడి పులుల్ని కట్టేయడంలో జేజిని మించినవాళ్లను నేను చూడలేదు. “పులికి దూకడమొక్కటే తెలుసు నాయనా, మేక ఆలోచిస్తాది” అనేది.

అంటే ఆడవాళ్లు ఆడకపోవడమనేది మా ఇళ్లలో ఎన్నడూ లేదు. నీడపట్టున, గడప లోపల ఆడేవాళ్లు. ఎండలో, వీధిలో, ఏటి ఇసుకలో ఆడే ఆట మగపిల్లలదని ఎవరో రాసిపెట్టినట్టుగా నడిచింది.

మా నాయనకు రేడియో ప్రాణం. ఇంటికి రాగానే చెప్పులు విడవకముందే చెవి అటు పడేది. 1983 జూన్ 25 రాత్రి ప్రపంచకప్ ఫైనల్ నాడు మా వసారాలో కూర్చోవడానికి చోటు లేదు. వ్యాఖ్యానం కాసేపు ఇంగ్లిషులో, కాసేపు హిందీలో. మా వీధిలో ఇంగ్లిషు తెలిసిన రిటైర్డ్ హెడ్మాస్టరు గారిని రేడియో పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఆయన వేలు పైకెత్తితే వికెట్, అరచెయ్యి ఊపితే ఫోరు. మాకు అంతే తెలుసు, అది చాలింది. అప్పటికి ఆరేడేళ్ల పిల్ల మా చెల్లెలు. బొగ్గుముక్క తీసుకుని వసారా గోడ మీద స్కోరు రాస్తూ కూర్చుంది. మనవాళ్లు 183కే అయిపోతే పెద్దవాళ్లు కొందరు తువ్వాలు దులుపుకుని లేచిపోయారు. అది మాత్రం కదల్లేదు. వెస్టిండీస్ 140కి ఆలౌటయ్యాక, 43 పరుగులతో గెలిచామని హెడ్మాస్టరు గారు చెప్పాక, ఆ రెండు అంకెల చుట్టూ గీత గీసి నిద్రపోయింది. మళ్లీ సున్నం కొట్టేదాకా ఆ గోడ మీద 183, 140 అట్లాగే ఉన్నాయి.

ఆ ఎండాకాలం నుంచి చెల్లెలు మాతో వీధిలో ఆడింది. రబ్బరు బంతిని అనుకున్న చోట వేసేది, వీధిలో మగపిల్లలెవరికీ ఆ కుదురు లేదు. వోణీ వేసినాక రాలేదు. పోవద్దని ఇంట్లో ఎవరూ గట్టిగా అన్నది లేదు. వీధి ఆమెను పిలవడం మానేసింది, అంతే.

పులివెందుల పల్లెలో మా బావది సేద్యం. చీనీ తోట ఉంది, కాస్త శెనక్కాయ వేస్తాడు. ఆయన మనసంతా మాత్రం ఎద్దుల మీదే. రాయలసీమలో బండలాగుడు పోటీలంటే ఎట్లాంటి వ్యవహారమో తెలియనివాళ్ల కోసం కాస్త వివరంగా చెప్పాలి. సంక్రాంతికి, ఉగాదికి, ఊరి తిరునాళ్లకు పోటీలు పెడతారు. ఒంగోలు జాతి గిత్తల్ని పళ్లను బట్టి వరుసలు చేస్తారు. పాలపళ్లవి ఒక వరుస, రెండు పళ్లవి ఒక వరుస, తర్వాత నాలుగు, ఆరు, ఆపైన పెద్దవి. ఒక్కో వరుసకు ఒక్కో బరువు బండ. గడువు పెట్టి, ఆ గడువులో జత ఎన్ని అడుగుల దూరం లాగిందో టేపు పెట్టి కొలుస్తారు. మా చిన్నప్పుడు వెండి కడియాలు, వెండి పతకాలు బహుమానం. ఇప్పుడు రొక్కం, మోటారు సైకిళ్లు.

బయటివాళ్లకు కనిపించేది ఆ కొన్ని నిమిషాలే. ఇంట్లో ఏడాదంతా ఆ ఎద్దుల చుట్టే తిరుగుతుంది. రాత్రి నానబెట్టిన ఉలవల్ని పొద్దున ఉడికించడం, పత్తిగింజలు రుబ్బడం, ఎండిన జొన్న చొప్పను చిన్న ముక్కలుగా నరకడం, వారానికోసారి చెరువులో ఈత, ఒళ్లు రుద్దడం. ఉలవలు ఎంత మెత్తగా ఉడకాలో మా చెల్లెలికి తెలిసినంతగా బావకూ తెలియదు. పోటీకి పోయేది బావ, గెలిస్తే పేరొచ్చేది బావకు. ఎద్దుల కొట్టంలో దీపం పెట్టేది చెల్లెలు. పోటీలో కర్రతో పొడిచే పద్ధతి నాకు ఎప్పుడూ నచ్చలేదు, ఆ మాట బావ ముఖం మీదే చాలాసార్లు అన్నాను. ఆయనా ఒప్పుకుంటాడు. “బాగా మేపినోడికి కర్రతో పనిల్యా బావా” అంటాడు. సాధన విషయంలో మాత్రం ఆయన నిదానం చూసి నేను ఎంతో నేర్చుకున్నాను. పాలపళ్ల గిత్తకు ఆరు పళ్ల బరువు కట్టడు. ఒకరోజు లాగితే ఒకరోజు విడుపు. కాలు రవ్వంత ఈడ్చినట్టు కనిపించినా ఆ వారం మోకు ముట్టుకోడు.

ఆ ఇంట్లోనే పెరిగింది నా మేనకోడలు, ముగ్గురిలో కడగొట్టుది. బడిలో ఖోఖో ఆడేది, పరుగులో మొదట వచ్చేది. ఇంటికొచ్చి కొట్టం గోడకేసి బంతి వేసేది. గోడకు తగిలి తిరిగొచ్చిన బంతిని మళ్లీ అందుకుని మళ్లీ వేసేది. పొద్దు గూకేదాకా ఆ చప్పుడు వినిపిస్తూనే ఉండేది. ఎద్దుకు ఎంత విడుపు కావాలో అంత బాగా తెలిసిన మా బావ, కూతురు మైదానానికి పోతానంటే మాత్రం, “ఎండకు నల్లబడిపోతాది, రేప్పొద్దున సంబంధాలు యాడ చూసేది?” అన్నాడు. ఇది మా బావ ఒక్కడి మాట కాదు. మా జిల్లాలో ప్రతి పల్లెలో, ప్రతి వీధిలో ఏదో ఒక తండ్రి నోట ఈ మాట విన్నాను. ప్రేమ లేక అనే మాట కాదు. ఆడపిల్లకు ఆటతో ఒక బతుకు ఉంటుందని వాళ్ల కళ్లకు ఎవరూ చూపించలేదు.

2023 డిసెంబరు 26న రాష్ట్ర ప్రభుత్వం ‘ఆడుదాం ఆంధ్రా’ పోటీలు మొదలుపెట్టింది. సచివాలయాల స్థాయి నుంచి క్రికెట్, వాలీబాల్, కబడ్డీ, ఖోఖో, బ్యాడ్మింటన్ పెట్టి ఆడవాళ్ల జట్లను కూడా పిలిచారు. పల్లెలో ఆడవాళ్ల క్రికెట్ జట్టుకు మనుషులు చాలకపోతే మా చెల్లెలు పేరిచ్చింది. ఫోన్ చేసి ఈ మాట నాకు చెప్పేటప్పుడు దాని గొంతులో ఆరేడేళ్ల పిల్ల పలికింది. చీర మీద టీషర్టు వేసుకుని, కొంగు బిగించి ఓవర్ వేసిందట. ఒక్క వైడు కూడా పోలేదని మేనకోడలు ఫోను లాక్కుని మరీ చెప్పింది. నేను అక్కడ లేనే అన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఆ తర్వాత వచ్చింది శ్రీచరణి పేరు.

నల్లపురెడ్డి శ్రీచరణిది మా జిల్లానే. వీరపునాయునిపల్లె మండలం ఎర్రమల్లె గ్రామం. నాన్న ఆర్టీపీపీలో, అంటే మా ముద్దనూరు, ఎర్రగుంట్ల పక్కనున్న థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఉద్యోగి. చిన్నప్పుడు ఇంటి దగ్గర మేనమామతో ప్లాస్టిక్ బ్యాట్ పట్టుకుని ఆడుతూ మొదలైంది ఆ పిల్ల ఆట. పరుగు పందేలు, ఖోఖో, బ్యాడ్మింటన్ అన్నీ ఆడి, పదహారేళ్ల ఈడులో గాని క్రికెట్‌ను గట్టిగా పట్టుకోలేదు. ఎడమచేతి స్పిన్. 2025 మహిళల ప్రీమియర్ లీగ్ కోసం ఢిల్లీ క్యాపిటల్స్ 55 లక్షల రూపాయలకు తీసుకుంది. ఆ ఏడాదే ఏప్రిల్‌లో శ్రీలంకలో భారత జట్టు తరఫున మొదటి వన్డే. జూన్ 28న ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్ మైదానంలో మొదటి టీ20 ఆడి 12 పరుగులకే 4 వికెట్లు తీసింది. సెప్టెంబరు చివర మొదలై నవంబరు దాకా జరిగిన ప్రపంచకప్‌లో మొత్తం 14 వికెట్లు.

2025 నవంబరు 2, ఆదివారం. నవీ ముంబైలో దక్షిణాఫ్రికాతో ఫైనల్. వాన వల్ల ఆలస్యంగా మొదలై, మ్యాచ్ ముగిసేసరికి అర్ధరాత్రి అయింది. నేను ఆ రోజు చెల్లెలింట్లోనే ఉన్నాను. మన జట్టు 298 కొట్టింది. వాళ్లు ఆడేటప్పుడు అన్నేక్ బోష్‌ను శ్రీచరణి పరుగేమీ చేయనీయకుండా ఎల్బీగా పంపినప్పుడు మేనకోడలు మంచం మీద నిలబడిపోయింది. బావ అంతసేపూ గోడకు ఆనుకుని మాట్లాడకుండా చూస్తున్నాడు. అప్పుడు నోరు విప్పాడు.

“ఎర్రమల్లె అంటే మన వేంపల్లె మీంద పోతే వచ్చేదే గదా?”

“అదే బావా.”

“శానా దగ్గిరప్పా.”

246కి వాళ్లు ఆలౌటయ్యారు. దీప్తి శర్మ 5 వికెట్లు, షెఫాలీ వర్మ 87 పరుగులు, హర్మన్‌ప్రీత్ చేతిలో కప్పు. ఇవన్నీ దేశమంతా చూసింది. మా ఇంట్లో మాత్రం అసలు సంగతి ఆ ఒక్క మాటే. ముంబై, బెంగళూరు, హైదరాబాదు అమ్మాయిలు ఆడితే బావకు అది టీవీలో కథ. వేంపల్లె మీద పోతే వచ్చే ఊరి పిల్ల ఆడేసరికి అది ఇంటి ముందు దోవ అయింది.

ఆమెకు ఆట మేనమామతో మొదలైందన్న సంగతి నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. మన ఇళ్లలో మేనమామ అంటే చిన్న పాత్ర కాదు. పుట్టెంట్రుకలు తీసేది మేనమామ ఒడిలో. చెవులు కుట్టించేదీ ఆయన ఒడిలోనే. పెద్దమనిషి అయితే చీర పెట్టేది, పెళ్లిలో బుట్టలో కూర్చోబెట్టి మోసుకొచ్చేది మేనమామలే. పిల్ల విషయంలో తండ్రి ఎంత మొండికేసినా బావమరిది అడిగితే కాదనడం కష్టం. పెళ్లిళ్ల కాలంలో ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల ముందు నిలబడి చూడండి. పులివెందుల, జమ్మలమడుగు, మైదుకూరు అన్ని వైపుల నుంచీ కుటుంబాలు దిగుతాయి, వాళ్లలో మేనకోడలికి గొలుసు కొనడానికి వచ్చిన మేనమామ తప్పకుండా ఉంటాడు. ఆ గొలుసు కొనవద్దని నేను చెప్పను, అది మన ప్రేమ చూపించే తీరు. గొలుసు కొనే చేత్తోనే బ్యాటూ కొనమంటున్నాను. తండ్రి దగ్గర పిల్ల అడగలేని మాటను మేనమామ అడగగలడు. ఆ హక్కు మనకు చెవులు కుట్టించిన నాడే వచ్చింది.

ఆ ఫైనల్ తర్వాత వచ్చిన సంక్రాంతికి నేను మేనకోడలికి బట్టలతో పాటు బ్యాటు, బంతులు, బూట్లు తీసుకుపోయాను. బావ బ్యాటును అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టాడు. మర్నాడు పొద్దున లేచి చూస్తే ఇంటి వెనక కళ్లంలో ఉన్నాడు. నల్లరేగడి మట్టి తెప్పించి, చదును చేసి, నీళ్లు చల్లి, రాతిగుండుకు ఎద్దుల్ని కట్టి తిప్పిస్తున్నాడు. నూర్పిళ్ల కాలంలో తప్ప ఆ గుండు కదిలింది లేదు. ఎద్దులకు నడక, పిల్లకు పిచ్.

రేగడి మట్టి సంగతి మా జమ్మలమడుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. తడిసినప్పుడు కాలు వదలదు. తొక్కి, గుండు తిప్పి ఆరబెడితే సిమెంటుకు తీసిపోదు. క్రికెట్ పిచ్‌లకు ఇట్లాంటి బంకమట్టిని వాడేది అందుకే. ఇంకా ఎండితే నెర్రెలు విచ్చుతుంది, అప్పుడు బంతి తిరుగుతుంది. స్పిన్ వేసే పిల్లకు అంతకన్నా ఏం కావాలి? మొదట కొన్నాళ్లు మేనకోడలు పొట్టిగా వేసేది, బంతి మధ్యలోనే పడిపోయేది. తప్పు బంతిది, అది మగవాళ్లు ఆడే బంతి. పెద్ద మగవాళ్ల క్రికెట్ బంతి 156 నుంచి 163 గ్రాముల దాకా ఉంటుంది. ఆడవాళ్ల మ్యాచ్‌లకు వాడే బంతి 140 నుంచి 151 గ్రాములు, చుట్టుకొలత కూడా కాస్త తక్కువ. చిన్న చేతికి ఆ తేడా చాలా పెద్దది. ఆ బంతి తెప్పించాక వేళ్లు సీము మీద కుదురుకున్నాయి. బంతి వదిలేటప్పుడు చూపుడువేలు చర్మం ఒరుసుకుని ఎర్రబడుతుంది. చెల్లెలు రాత్రిపూట ఆ వేలికి కొబ్బరినూనె రాస్తుంది. రాస్తూ, “మణికట్టు కాదు, వేలు తిప్పు” అని చెబుతుంది. ఎవరు నేర్పారో నాకు తెలియదు.

బావ తన లెక్క ప్రకారం ఒకరోజు ఆట, ఒకరోజు విడుపు పెట్టాడు. భుజం నొప్పి అంటే ఆ పూట బంతి దాచేస్తాడు. ఎద్దుల దగ్గర నేర్చిన నిదానం కూతురి దగ్గర పనికొచ్చింది. తిండి సంగతికొస్తే రాగిసంగటి, ఉడకబెట్టిన ఉలవలు, శెనక్కాయలు, గుడ్లు. కొత్తగా ఏమీ కొనాల్సిన పనిలేదు, కొట్టంలోకి పోయే తిండిలో సగం వంటింట్లోకీ పనికొచ్చేదే.

ఇంటి దగ్గర ఇంత జరిగాక మిగిలిన అడ్డంకులన్నీ ఊరివి, బడివి. వాటి గురించి నేను పంతులుగా గట్టిగానే మాట్లాడతాను. పదో తరగతికి రాగానే ఆటల పీరియడు లెక్కలకో సైన్సుకో పోతుంది. అందులోనూ ఆడపిల్లల ఆట ముందు పోతుంది. మైదానంలో ఆడపిల్లలకు మరుగుదొడ్డి ఉండదు, అందుకని చాలామంది మధ్యాహ్నం నుంచి నీళ్లు తాగకుండా సాయంత్రం ఆడతారు. మా ఎండల్లో అది ఎంత ప్రమాదమో డాక్టరు చెప్పక్కర్లేదు. సాధన ఆరున్నరకు ముగిస్తే పల్లెకు పోయే బస్సు ఉండదు. పిల్ల ఆట మానేసిన చోట చాలాసార్లు కారణం ఇట్లాంటిదే. మా బడిలో ఆటల పీరియడు ఎవరూ తీసుకోకూడదని పట్టుబట్టాను, అది నిలిచింది. సాయంత్రం ఆడే ఆడపిల్లల్ని బస్సెక్కించేదాకా ఇద్దరు తల్లులు వంతులవారీగా ఉంటున్నారు. ఈ ఏర్పాటు చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది.

“ఆడితే ఏమొస్తుంది?” అని అడిగే తండ్రులకు నేను మెత్తగా చెప్పను, అంకెలే చెబుతాను. 2022 అక్టోబరులో భారత క్రికెట్ బోర్డు ఆడవాళ్లకూ మగవాళ్లతో సమానంగా మ్యాచ్ ఫీజు ప్రకటించింది. టెస్టుకు 15 లక్షలు, వన్డేకు 6 లక్షలు, టీ20కి 3 లక్షలు. భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష కోసం ఇల్లే సికింద్రాబాదుకు మారింది. ఆ పిల్ల 2023లో, 2025లో రెండుసార్లు అండర్–19 ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉంది, రెండోసారి టోర్నీకే ఉత్తమ క్రీడాకారిణి అయింది. అందరి పిల్లలూ అంతదూరం పోరు, నిజమే. అందరి పిల్లలూ కలెక్టర్లు అవుతారని కూడా మనం చదివించడం లేదు. కడపలో డాక్టర్ వైఎస్సార్ క్రీడా పాఠశాల ఉంది, వైఎస్ రాజారెడ్డి పేరుతో క్రికెట్ స్టేడియం ఉంది. ఒకప్పుడు ఇవన్నీ మద్రాసులోనో హైదరాబాదులోనో ఉండేవి. ఇప్పుడు మన బస్సు టికెట్ దూరంలో ఉన్నాయి.

చలికాలంలో ఒక ఆదివారం రెండు కుటుంబాలూ కలిసి గండికోటకు పోతాం. అది మాకు అలవాటు. జమ్మలమడుగులో బొరుగులు, మిరపకాయ బజ్జీలు కట్టించుకుని కోటలోకి నడుస్తాం. ధాన్యాగారం, మాధవరాయస్వామి గుడి, జుమ్మా మసీదు చూసుకుంటూ పోతే చివర పెన్నలోయ. ఎర్రమల కొండల్ని ఏరు కోసిన చోట బండల మీద కూర్చుంటే మాట దానంతట అదే తగ్గుతుంది. పోయినసారి మేనకోడలు ఆ బండల మీద కాలు జారకుండా ఎట్లా దిగాలో జేజికి చెబుతూ చెయ్యి పట్టుకుని నడిపించింది. ఆమె జేజి, అంటే మా బావ వాళ్లమ్మ, మొదట్లో ఆటకు ఒప్పుకోలేదు. ఆ రోజు కింద కూర్చున్నాక, “పిల్లకు కాలు గట్టిగుండాది” అని ఒక్క మాట అనింది. ఆ ఇంట్లో అంతకన్నా పెద్ద అనుమతి లేదు.

ఇంకొక్క విషయం, ఇది మేనమామలకు ప్రత్యేకం. బ్యాట్ కొనేటప్పుడు పిల్ల ఎదుగుతుందిలే అని పెద్దది కొనకండి. బరువెక్కువైతే భుజం పాడవుతుంది. పిల్లను వెంట తీసుకుపోండి. బ్యాట్‌ను కాలి పక్కన నిలబెడితే పిడి కొస తొడ పైభాగానికి, నడుము ఎముక దగ్గరకు రావాలి. ఒంటిచేత్తో, అదీ పై చేత్తో, ఎత్తి నిలపగలగాలి. పిల్లలకు 1 నుంచి 6 దాకా సైజులుంటాయి, ఆపైన హారో అనే సైజు ఒకటి. మొదట కాశ్మీర్ విల్లో చాలు. లెదర్ బంతితో ఆడేముందు బ్యాట్ ముఖానికి అవిసె నూనె పలుచగా పట్టించి, చెక్క సుత్తితో మెల్లగా తట్టి గట్టిపరచాలి, లేకుంటే మొదటి వారమే చీలుతుంది. హెల్మెట్ లేకుండా లెదర్ బంతి ముందు నిలబెట్టకండి, ఇందులో రాజీ వద్దు. పిల్ల బౌలర్ అయితే బ్యాట్ కంటే ముందు బంతులు, మంచి బూట్లు కొనండి. ఆడవాళ్ల మ్యాచ్ బంతి కావాలని అంగట్లో అడగండి. లేదంటే తెప్పించమని చెప్పండి. నలుగురు అడిగితే అంగడివాడు పెట్టుకుంటాడు. బిల్లు మీద మాత్రం పిల్ల పేరే రాయించండి.